బరంపురం పార్కు, నాన్న కుట్టిన నీళ్ళ పుస్తకం

మొన్న ఏప్రిల్‌లో ఒడిశాలోని బరంపురం వెళ్ళాను. రైలు దిగి ఆటోలో మా పాత వీధి మలుపు దాకా వచ్చేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మా పిన్ని వాళ్ళింటికి పార్కు గోడ పక్కనుంచే వెళ్ళాలి. సంచీ భుజాన వేసుకుని నాలుగడుగులు వేశానో లేదో, గోడ మీదుగా పొగడపూల వాసన వచ్చింది. అక్కడే ఆగిపోయాను.

పొగడపువ్వు చిన్నది. మాసిన తెలుపు రంగు, చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. రాత్రి పూసి, తెల్లారేసరికి చెట్టుకింద రాలి ఉంటుంది. మధ్యలో కన్నం ఉంటుంది కాబట్టి దండ గుచ్చడానికి సూది కూడా అక్కర్లేదు, అరటినార చాలు. ఎండినా వాసన పోదు. నాన్న పొద్దున్నే పార్కునుంచి వచ్చేటప్పుడు చొక్కా జేబులో గుప్పెడు పూలు వేసుకొచ్చేవారు. అమ్మ గుమ్మంలో కూర్చుని దండ గుచ్చి, దేవుడికి సగం పెట్టి, మిగతా సగం ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల మధ్య పెట్టేది. పెళ్ళిళ్ళకు ఆ చీర కట్టుకుంటే అమ్మ పక్కన కూర్చున్నవాళ్ళందరికీ ఆ వాసన వచ్చేది.

నేను వెళ్ళింది ఒక సన్మానానికి. మా పార్కును ఇన్నేళ్ళుగా చూసుకుంటున్న సంఘానికి వీధివాళ్ళు, ఇక్కడ పెరిగి పై ఊళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళు కలిసి ఒక సాయంత్రం సభ పెట్టారు. సంఘం మొదలుపెట్టిన ఏడుగురి ఇళ్ళనుంచి ఒక్కొక్కరైనా రావాలని కబురు చేశారు. ఆ ఏడుగురిలో మా నాన్న ఒకరు.

*

మా ఊరి సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. గీత మారింది గానీ మనుషులు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి గారు 1894లో పుట్టింది మా ఊళ్ళోనే. పట్టు నేసే డేరా కుటుంబాలు తెలుగువాళ్ళు. బజారులో ఒక మాట ఒడియాలో మొదలై తెలుగులో ముగిసినా ఎవరికీ వింతగా ఉండేది కాదు. మా ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. పార్కులో రెండూ.

నాన్న ఒక ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్. ఒకవైపు తెలుగు అక్షరాల గళ్ళపెట్టె, ఇంకోవైపు ఒడియాది. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్ పట్టుకుని, కళ్ళు కాపీ మీద ఉంచి, కుడిచేత్తో గళ్ళలోంచి సీసం అక్షరాలు ఏరుకునేవారు. పెళ్ళి శుభలేఖలు, నాటకాల కరపత్రాలు, కొట్లకు రసీదు పుస్తకాలు. అక్షరాలు స్టిక్‌లో పడుతున్నప్పుడు టిక్కు టిక్కుమని ఒక చప్పుడు. స్కూలునుంచి వచ్చేటప్పుడు నేను ప్రెస్సు కిటికీ దగ్గర నిలబడి అది వినేవాణ్ణి. సీసం అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. నాన్న వాటిని అలాగే గడగడా చదివేసేవారు. ఇంటికొచ్చి ఎంత సబ్బు పెట్టి తోమినా వేళ్ళ చివరలు బూడిదరంగులోనే ఉండేవి. పార్కులో మట్టి పనిచేసి వచ్చిన రోజున మాత్రం ఆ బూడిదరంగు మీద ఎర్రమట్టి ఉండేది.

*

సంఘం రాకముందు పార్కంటే పేరుకే పార్కు. పగిలిన ఫౌంటెన్, దాంట్లో వాననీళ్ళు, దోమలు. మేకలు లోపలే పడుకునేవి. మునిసిపాలిటీ మాలి ఒక్కడే, వాడికి ఇలాంటివి ఇంకొన్ని అప్పజెప్పారు. ఒక చోట గడ్డి కోసేలోగా ఇంకో చోట పెరిగిపోయేది. తప్పు వాడిది కాదు.

ఎదురింట్లో ఉండే లెక్కల మాస్టారు, ఒడియా ఆయన, ఒకరోజు పొద్దున్నే ఇంటినుంచి చీపురు తెచ్చుకుని గేటు దగ్గర ఊడ్చారు. ఎవర్నీ పిలవలేదు. మర్నాడు మళ్ళీ ఊడ్చారు. ఆ వారంలోనే నాన్న బకెట్ పట్టుకుని వెళ్ళారు. "మాస్టారు ఊడుస్తుంటే మనం పక్కనుంచి నడిచిపోతే ఏం బాగుంటుంది" అని అమ్మతో అన్నది నాకు గుర్తుంది. తరవాత మా వీధి పట్టుమగ్గం మావ వచ్చాడు. ఆసుపత్రి కాంపౌండరు గారు, రిటైరైన రైల్వే గార్డు గారు, గేటు ఎదురుగా పాన్ దుకాణం ఆయన, పాలు పోసే తాత కలిశారు.

1860 నాటి సొసైటీల చట్టం ప్రకారం సంఘం రిజిస్టరు కావాలంటే కనీసం ఏడుగురుండాలి. మావాళ్ళు సరిగ్గా ఏడుగురు. ఆ కాగితం మీద నాలుగు సంతకాలు ఒడియాలో, రెండు తెలుగులో, పాలతాతది వేలిముద్ర. ఇంటికి నెలకు రెండు రూపాయలు చందా. రసీదు పుస్తకం నాన్నే కంపోజ్ చేశారు, పైన ఒడియా, కింద తెలుగు. రెండు రూపాయలకు రసీదెందుకని ఎవరో అడిగితే, రెండు రూపాయలే కాబట్టి కావాలి అన్నారట మాస్టారు. ఇప్పటికీ అక్కడ ఎవరు పైసా ఇచ్చినా చేతికి రసీదు వస్తుంది. ఆ సంఘం మీద జనానికున్న నమ్మకమంతా అలాంటి చిన్న పనుల్లోంచి వచ్చిందేనని నా ఉద్దేశం.

*

పార్కు మూల ఒక నుయ్యి ఉండేది. గిలక చప్పుడు మా ఇంటికి వినిపించేది. కిర్రుమంటూ బకెట్ కిందికి వెళ్ళడం, ఒక్క క్షణం నిశ్శబ్దం, మళ్ళీ మెల్లగా పైకి రావడం. మా వీధి పిల్లలకు అదే అలారం.

మొదట్లో ఒక చిక్కు వచ్చింది. పొద్దున గార్డు గారు పోసిన మొక్కకే సాయంత్రం పాన్ దుకాణం ఆయన పోసేవారు. పక్కనున్నది ఎండిపోయేది. అందుకని రేకు ముక్కల మీద అంకెలు రాసి మొక్కలకు కట్టారు. ప్రెస్సులో మిగిలిన కాగితం ముక్కల్ని నాన్న ఇంటికి తెచ్చి, గళ్ళు గీసి, మందపాటి దారంతో కుట్టి పుస్తకం చేశారు. తేదీ, మొక్క నంబరు, పోసినవారి పేరు. అదే నీళ్ళ పుస్తకం. ఎవరి పేరు వాళ్ళ లిపిలో. పాలతాత పేరు ఎవరో ఒకరు రాసేవారు, పక్కన ఆయన ఒక చుక్క పెట్టేవాడు. నేను ఒడియా చదవడం సగం బడిలో నేర్చుకుంటే, సగం ఆ పుస్తకంలోనే నేర్చుకున్నాను.

వైశాఖం వచ్చేముందు పణా సంక్రాంతి. ఏప్రిల్ 14న వస్తుంది, ఒడియావాళ్ళకు కొత్త సంవత్సరం. బెల్లం, మారేడు గుజ్జు కలిపి పానకం చేస్తారు. ఆ రోజున వాళ్ళ ఇళ్ళల్లో తులసికోట మీద చిల్లుకుండ ఒకటి వేలాడగడతారు. చిల్లులోంచి నెలంతా తులసి మీద చుక్క చుక్కగా నీళ్ళు పడతాయి. మాస్టారు ఇంట్లో ఆ కుండ చూసిన పట్టుమగ్గం మావ, "ఇదేదో మన మొక్కలకీ కడితే?" అన్నాడు. మనకూ శివుడి మీద ధారాపాత్ర ఉంది కదా. కుమ్మరి వీధినుంచి కుండలు తెచ్చి, అడుగున మేకుతో చిల్లి పెట్టి, గుడ్డపీలిక దోపి, మూడు కర్రల మీద మొక్క పక్కన నిలబెట్టారు. సాయంత్రం ఒకసారి నింపితే తెల్లారేదాకా కారేది. బకెట్‌తో గుమ్మరిస్తే పైమట్టి తడిసి మధ్యాహ్నానికి ఆరిపోతుంది. చుక్కలుగా పడితే నీరు వేరుదాకా దిగుతుంది. డ్రిప్ అనే మాట మా వీధిలో ఎవరూ వినకముందే మా పార్కులో డ్రిప్ ఉంది.

*

ఇప్పుడు రాయబోయేది ఇన్నేళ్ళుగా మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

బరంపురంలో రెండేళ్ళకొకసారి వేసవిలో బుఢీ ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. అమ్మవారు పుట్టింటికి వస్తుందని నమ్మకం. దేశీ బెహెరా వీధి ఆమెకు పుట్టిల్లు, ఆ దేశీ బెహెరా మన డేరావాళ్ళ పెద్ద. రాత్రిళ్ళు ఘటాలు తలమీద పెట్టుకుని వీధివీధీ తిరుగుతారు. మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు. పులివేషాలు, శివపార్వతులు, ఎన్ని వేషాలో. నెల దగ్గర దగ్గర ఊరు నిద్రపోదు.

ఆ ఏడాది యాత్ర కరపత్రాలతో ప్రెస్సులో రాత్రి పని పడింది. నాన్న సాయంత్రాలు పార్కుకు రాలేకపోయారు. "ఒరే నాయినా, ఈ వారం 14వ నంబరు కుండ నువ్వు నింపాలి. మర్చిపోకు" అన్నారు. 14 పొగడ మొక్క. నా మోకాలెత్తు ఉండేది. మొదటి సాయంత్రమే మా వీధిలోంచి పులివేషం వెళ్ళింది. డప్పుల వెనక నేనూ వెళ్ళిపోయాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఏడో రోజు సాయంత్రం భయమేసి పార్కుకు వెళ్ళి, పుస్తకం తెరిచి, ఏడు గళ్ళలోనూ నా పేరు ఒకేసారి రాసేశాను. తరవాత మొక్క దగ్గరికి వెళ్ళి చూశాను. ఆకులు ముట్టుకుంటే చేతిలో పొడి అయ్యాయి.

నాన్న మర్నాడు పుస్తకం చూశారు. అక్షరాలతో బతికిన మనిషి, ఏడు సంతకాలూ ఒకే కలంతో, ఒకే సిరాతో, ఒకే వాలుతో ఉన్నాయని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొడతారనుకున్నాను. కొట్టలేదు. అరవలేదు. నా పేరు కొట్టెయ్యనూ లేదు. ఆ ఏడు గళ్ళ కింద ముత్యాల్లాంటి అక్షరాలతో "ఈ నీళ్ళు పడలేదు" అని రాసి, కింద తన సంతకం పెట్టారు. నా సంతకం అడగలేదు. పుస్తకం మూసి మేకుకు తగిలించి ప్రెస్సుకు వెళ్ళిపోయారు.

జూన్‌లో వానలు పడ్డాక మాస్టారు ఇంకో పొగడ మొక్క తెచ్చారు. నాన్న, నేను కలిసి అదే గోతిలో నాటాం. ఆ ఏడాదీ, మరుసటేడాదీ ఆ కుండ నేనే నింపాను. నాన్న మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

*

ఊళ్ళో ఉద్యోగం దొరక్క విశాఖ వచ్చేశాను. పండగలకు వెళ్ళినప్పుడు పార్కు మారుతూ కనిపించేది. ఫౌంటెన్‌లో మట్టి నింపి కలువలకు బదులు కనకాంబరాలు వేశారు. ఆడవాళ్ళు సాయంత్రాలు వచ్చి కూర్చోవడం మొదలైంది. గేటు బయట గుప్‌చుప్ (పానీపూరీ) బండి, ఆలూచాప్ బండి వెలిశాయి. ఆకుల దొన్నెలు లోపల పడేయకుండా బండివాళ్ళే బుట్ట పెట్టుకున్నారు.

గొడవలూ జరిగాయి. ఒకసారి ముందు భాగంలో షాపులు కడతామని ఎవరో కొలతలు తీసుకున్నారు. మావాళ్ళు ఏడాదిపాటు కాగితాలు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కి దిగారు, ఆ మాట ఆగిపోయింది. చెట్లకు ప్రకటనల బోర్డులు మేకులతో కొట్టేవారు. కాంపౌండరు గారు రిటైరయ్యాక ఆదివారం ఆదివారం పట్కారు తెచ్చుకుని ఒక్కొక్క మేకూ లాగేవారు, పుండులోంచి ముల్లు తీసినంత జాగ్రత్తగా. ఇంకోసారి చెట్ల మొదళ్ళ చుట్టూ సిమెంటు పోసి రంగు పలకలు వేశారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ నీళ్ళు ఎక్కడ దిగుతాయి? చెట్టు లావు ఎలా అవుతుంది? సంఘంవాళ్ళు ఒప్పించి, చెట్టు చెట్టుకూ మూరెడు మేర పలకలు తీయించారు. రాలిన ఆకులు తగలబెట్టడం మాన్పించి గోతిలో వేసి ఎరువు చేయడం కూడా అప్పుడే మొదలైంది.

*

2013 అక్టోబరు 12. దుర్గాష్టమి. ఆ రాత్రి పదిన్నర ప్రాంతంలో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా ఊరికి సముద్రం పదిహేను, పదహారు కిలోమీటర్లే. గాలి గంటకు 200 కిలోమీటర్లకు పైగా వీచింది. సాయంత్రం నాన్నతో ఫోన్లో మాట్లాడాను, తరవాత లైను తెగిపోయింది. అప్పటికే నాన్నకు వయసు మీద పడింది, అమ్మ లేదు. రైళ్ళు లేవు. మూడో రోజున రోడ్డు దారిన ఎలాగో చేరాను. దారిపొడవునా పడిపోయిన చెట్లు, వంగిపోయిన కరెంటు స్తంభాలు. ఇంట్లో నాన్న లేరు. పార్కుకు పరిగెత్తాను.

గేటు లేదు. లోపలికి వెళితే ఆకాశం ఎక్కువగా కనిపించింది. మా చిన్నప్పటి తురాయి చెట్లన్నీ వేళ్ళతో సహా పడి ఉన్నాయి. నిద్రగన్నేరు రెండుగా చీలిపోయింది. ఆ మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో నాన్న. ఒళ్ళో నీళ్ళ పుస్తకం. మాస్టారు కర్ర పట్టుకుని ఒక్కొక్క చెట్టు దగ్గరికీ వెళ్ళి నంబరు చెబుతున్నారు, నాన్న రాసుకుంటున్నారు.

"తొమ్మిది?"

"లేదు."

"పది?"

"లేదు. పదకొండు ఒరిగింది, వేరు ఉంది."

"పద్నాలుగు?"

"ఉంది."

నాన్న నావైపు చూడలేదు. నేనే ఆ చెట్టువైపు చూశాను. ఒక్క ఆకు లేదు, రెండు కొమ్మలు విరిగాయి. మాను మాత్రం నిటారుగా ఉంది.

ఒరిగినవాటిని లేపే పని వారాలపాటు సాగింది. వేళ్ళకు తడి గోనెలు చుట్టి, పైకొమ్మలు నరికి, గొయ్యి వెడల్పు చేసి, మోకులతో లాగి నిలబెట్టి, మూడువైపులా వెదుళ్ళు ఊతం పెట్టారు. కరెంటు లేక రాత్రిళ్ళు ఊరంతా చీకటి. తమ ఇళ్ళ రేకులు ఎగిరిపోయినవాళ్ళు కూడా పొద్దున ఒక గంట వచ్చి మోకు పట్టుకున్నారు. లేపినవాటిలో కొన్ని చిగిర్చాయి, కొన్ని చిగిర్చలేదు. తురాయిది మడగాస్కర్, నిద్రగన్నేరుది అమెరికా ఖండం. నీడ త్వరగా ఇస్తాయి గానీ వేళ్ళు లోతుకు దిగవు, కొమ్మ పెళుసు. ఆ తరవాత సంఘం పెట్టినవన్నీ పొగడ, పొన్న, కానుగ, వేప, నేరేడు. నీడ కోసం ఇంకో పదేళ్ళు ఆగాలి కదా అని ఎవరో అంటే, "ఆగుదాం" అన్నారు నాన్న. ఆయన ఆ నీడ చూడలేదు.

*

సన్మానం పార్కులోనే జరిగింది. తెల్ల షామియానా, ఎర్ర కుర్చీలు, ఒడియాలో ఒక ఉపన్యాసం, తెలుగులో ఒకటి. ఏడుగురిలో మిగిలింది మాస్టారొక్కరే. వీల్‌చెయిర్‌లో తీసుకొచ్చారు. శాలువా కప్పితే దాన్ని తీసి, పక్కన నిలబడ్డ మాలికి కప్పించారు. అప్పటి మాలి కొడుకే ఇతను. ఇప్పుడు సంఘం కార్యదర్శి పట్టుమగ్గం మావ మనవరాలు, కాలేజీలో పాఠాలు చెబుతుంది. నన్ను పిలిచి నాన్న పేరు మీద ఒక జ్ఞాపిక చేతిలో పెట్టింది. ఏదో మాట్లాడాలని కాగితం మీద రాసుకొచ్చాను. మైకు ముందు నిలబడితే గొంతు పెగల్లేదు. "నమస్కారం" అన్నాను, ఒడియాలోనూ తెలుగులోనూ ఆ మాట ఒకటే. కూర్చున్నాను.

ఇంకా ఎవరో మాట్లాడుతుంటే మాస్టారు చేతి గడియారం చూసుకుని, ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచి అడిగారు, "పాణి దేలు కి?" నీళ్ళు పోశావా అని.

"దేలి సార్" అంది.

సభ అయ్యాక ఆమె నన్ను చిన్న గదికి తీసుకెళ్ళింది. అద్దాల బీరువాలో నీళ్ళ పుస్తకాలు వరసగా ఉన్నాయి. మొదటివన్నీ నాన్న కుట్టినవే, దారం ఇంకా గట్టిగా ఉంది. "మీ చిన్నప్పటిది చూస్తారా బాబాయ్?" అంది. నాకు పేజీ వెతకక్కర్లేకపోయింది. కాగితం పసుపు పడింది. ఏడు గళ్ళు, వంకర అక్షరాలతో నా పేరు ఏడుసార్లు. కింద నాన్న రాసిన మూడు మాటలు, సంతకం.

ఆ అమ్మాయి చదివింది. ఏమీ అడగలేదు. కాసేపు ఆగి, "రేపు పొద్దున అయిదున్నరకు గేటు తీస్తాం. వస్తారా?" అంది.

నుయ్యి మీద ఇప్పుడు ఇనుప జల్లెడ వేశారు, పక్కన మోటారు ఉంది. చిల్లుకుండలు మాత్రం అవే. పొద్దున బకెట్ పట్టుకుని వెళ్ళాను. 14వ నంబరుకు ఇప్పుడు ఎవరూ నీళ్ళు పోయక్కర్లేదు, దాని మాను నా రెండు చేతులకూ అందదు. దాని పక్కనే కిందటి వానల్లో పెట్టిన పొగడ మొక్క ఒకటి ఉంది, రేకు మీద 61 అని రాసి ఉంది. కుండ నింపాను. గుడ్డపీలిక తడిసి మొదటి చుక్క పడేదాకా అక్కడే కూర్చున్నాను. లేచి పుస్తకంలో తేదీ, నంబరు, నా పేరు రాశాను. వచ్చేటప్పుడు రాలిన పూలు ఏరుకుని జేబులో వేసుకున్నాను.